ముప్ఫై ఏళ్ళు మోసుకు తిరిగిన పాట
(పడమటి సంగీత చరిత్ర – పదో భాగం)

కిందటి భాగాన్ని 1808 డిసెంబరు 22 రాత్రి దగ్గర ఆపాం. వియన్నాలోని థియేటర్ ఆన్ డెర్ వీన్‌లో చలికి వణుకుతూ నాలుగు గంటలు కూర్చున్న జనానికి బీథోవెన్ ఆ ఒక్క రాత్రే తన ఐదో సింఫనీ, ఆరో సింఫనీ, నాలుగో పియానో కన్చెర్టో వినిపించాడు. అది చాలదన్నట్టు పియానో, ఆర్కెస్ట్రా, గాయక బృందం అందరూ కలిసి చేసే రచన ఒకటి హడావుడిగా రాసి చివర్లో పెట్టాడు. రిహార్సల్ చాల్లేదు. నడుమ గతి తప్పి వాద్యాలు ఒకటికొకటి కలవకుండా పోయాయి. బీథోవెన్ ఆపించి మళ్ళీ మొదలుపెట్టించాడు. ఆ రచన పేరు 'కోరల్ ఫాంటసీ'. అందులో గాయకులు అందుకునే వరసని ఇవాళ మొదటిసారి విన్నవాళ్ళు, ఇది ఎక్కడో విన్నామే అనుకుంటారు. పదహారేళ్ళ తర్వాత తొమ్మిదో సింఫనీలో రాబోయే వరసకి ఇది స్వయానా తోబుట్టువు.

తొమ్మిదో సింఫనీ అనగానే మనకి తెలిసిన కథ ఒకటే. చెవులు పూర్తిగా వినపడని స్వరకర్త వేదిక మీద జనానికి వీపు పెట్టి నిలబడ్డాడనీ, వెనక చప్పట్లు మోగుతున్నా తెలియలేదనీ, ఒక గాయని వచ్చి ఆయన్ని జనం వైపు తిప్పిందనీ. జరిగిందే. కానీ అది ముప్ఫై ఏళ్ళ కథలో చివరి అయిదు నిమిషాలు. మిగతా ముప్ఫై ఏళ్ళూ వదిలేసి ఆ అయిదు నిమిషాలే చెప్పుకుంటే, చెవుడు ఒక మహిమలా, సింఫనీ ఒక అద్భుతంలా కనిపిస్తాయి. ఆయన పడ్డ చాకిరీ కనపడదు. ఈ భాగంలో ఆ చాకిరీ గురించే చెబుతాను.

మొదలు ఒక పద్యం. 1785లో జర్మన్ కవి ఫ్రెడరిక్ షిల్లర్ పాతికేళ్ళవాడు. నెత్తిన అప్పులున్నాయి, నిలవ నీడ లేదు. అలాంటప్పుడు కోర్నర్ అనే అభిమాని ఆదుకున్నాడు. లైప్‌జిగ్‌కి రప్పించాడు, అప్పుల సంగతి చూసుకున్నాడు, స్నేహితుల మధ్య చోటిచ్చాడు. ఆ సంబరంలో షిల్లర్ ఆనందాన్ని ఒక దేవతగా పిలుస్తూ పద్యం రాశాడు. 1786లో తన సొంత పత్రిక 'థాలియా'లో అచ్చువేశాడు. దోస్తులు గ్లాసులెత్తి కలిసి పాడుకునే తీరులో ఉంటుందది. ఒకరు చరణం అందుకుంటే అందరూ పల్లవి పాడాలి. మొదటి అచ్చులో బిచ్చగాళ్ళు రాజకుమారులకి అన్నదమ్ములవుతారన్న భావం ఉంది. ఫ్రెంచి విప్లవానికి నాలుగేళ్ళ ముందు రాసిన మాట అది. తర్వాతి ముద్రణలో షిల్లర్ దాన్ని మెత్తబరిచి, మనుషులందరూ సోదరులవుతారన్నట్టు మార్చాడు. 1800లో కోర్నర్‌కే రాసిన ఉత్తరంలో అసలు ఆ పద్యాన్నే తీసిపారేశాడు. లోకం పోకడకి దూరమైన చెడ్డ పద్యమన్నాడు. అప్పటికే జర్మన్ కుర్రకారు నోట నలిగిన పద్యం అది. ఎందరో స్వరకర్తలు దానికి బాణీలు కట్టారు. ఇంకో పదిహేనేళ్ళకి షూబర్ట్ కూడా కట్టాడు.

ఆ కుర్రకారులో ఒకడు బాన్ ఊరివాడు.

రైన్ నది ఒడ్డున ఉన్న బాన్ చిన్న రాజధాని. ఏలినవాడు మతాధిపతి అయినా, ఊరికి కొత్త గాలి తగులుతున్న రోజులు. కొత్తగా విశ్వవిద్యాలయం వచ్చింది. కొత్త తత్వశాస్త్రం చదివిన పంతుళ్ళు వచ్చారు. ఆస్థాన వాద్యబృందంలో వయోలా వాయించే లుడ్విగ్ వాన్ బీథోవెన్ ఆ గాలి పీల్చి పెరిగాడు. 1792 నవంబరులో, ఇంకా ఇరవై రెండు నిండకుండానే వియన్నా బండెక్కాడు. తర్వాత రెండు నెలలకి, 1793 జనవరిలో, బాన్‌లో న్యాయశాస్త్రం చెప్పే ఫిషెనిక్ షిల్లర్ భార్య షార్లెట్‌కి ఉత్తరం రాశాడు. ఈ ఊరి యువకుడొకడు కట్టిన పాట ఒకటి పంపిస్తున్నానని, అతను మీవారి 'ఆనందం' పద్యానికి చరణం చరణానికీ బాణీ కట్టాలనుకుంటున్నాడని, పెద్ద పనులూ గొప్ప పనులూ తప్ప అతని మనసుకి ఎక్కవని అందులో సారాంశం.

తొమ్మిదో సింఫనీకి పుట్టుకాగితం లాంటిది ఏదైనా ఉంటే అది ఈ ఉత్తరమే. షిల్లర్ 1805లో పోయాడు. ఆయనా బీథోవెనూ ఎన్నడూ ఎదురుపడలేదు.

తర్వాతి ముప్ఫై ఏళ్ళలో బీథోవెన్ ఆ పద్యాన్ని చేత్తో తీసుకోవడం, పక్కన పెట్టడం చాలాసార్లు జరిగింది. ఆయన ఎప్పుడూ చిత్తు పుస్తకాలు దగ్గర ఉంచుకునేవాడు. వాటిలోనే ఆ జాడలు దొరుకుతాయి. 1795 ప్రాంతంలో ప్రేమకి బదులు ప్రేమ అడిగే చిన్న పాట ఒకటి కట్టాడు. కోరల్ ఫాంటసీ వరస దాన్నించి ఎత్తుకున్నదే. 1812లో ఏడో, ఎనిమిదో సింఫనీల చిత్తు మధ్య, షిల్లర్ మాటలతో ఒక ఓవర్చర్ రాయాలన్న తలపు కనిపిస్తుంది. 1815 ప్రాంతంలో గంతులు వేసే వరస ఒకటి రాసి పెట్టుకున్నాడు. అదే తర్వాత తొమ్మిదో సింఫనీ రెండో భాగమైంది. 1818లో సింఫనీలోకి గొంతులు తేవాలన్న ఆలోచన మొదటిసారి కాగితం మీదికి వచ్చింది. అంతవరకూ సింఫనీ అంటే వాద్యాల సొత్తు. అందులో మనిషి నోరు విప్పడం దాదాపు ఎవరూ ఎరగరు. అప్పుడు కూడా ఆయన అనుకున్నది షిల్లర్‌ని కాదు, పాత చర్చి పాటల ఫక్కీలో ఏదో భక్తిగీతాన్ని. పద్యం ఒక దారినా, సింఫనీ ఇంకో దారినా నడుస్తున్నాయి. రెండూ కలుస్తాయని ఆయనకే తెలియదు.

ఈలోగా జీవితం చితికిపోయింది. 1802లో చెవుడు ముదురుతోందని తెలిసి, హైలిగెన్‌స్టాట్ పల్లెలో తమ్ముళ్ళకి వీలునామా లాంటి ఉత్తరం రాసి దాచుకున్నాడు. 1809లో ముగ్గురు ప్రభువులు, వియన్నా వదిలి పోకుండా ఉంటే ఏడాదికి 4,000 ఫ్లోరిన్‌లు ఇస్తామని రాసిచ్చారు. రెండేళ్ళు తిరిగేసరికి ఆస్ట్రియా డబ్బు విలువ పడిపోయింది. ఆ ముగ్గురిలో కిన్స్కీ గుర్రం మీంచి పడి పోయాడు. లోబ్‌కోవిట్స్ అప్పుల్లో మునిగాడు. 1815లో తమ్ముడు కాస్పర్ చనిపోతూ తొమ్మిదేళ్ళ కొడుకు కార్ల్‌ని వదిలి వెళ్ళాడు. ఆ పిల్లవాణ్ణి తన దగ్గరే ఉంచుకోవాలని బీథోవెన్, కన్నతల్లితో 1820 దాకా కోర్టుల్లో కొట్లాడాడు. మనుషులందరూ సోదరులన్న పద్యాన్ని గుండెలో పెట్టుకున్నవాడు మరదలితో ప్రవర్తించిన తీరు చదివితే బాధ కలుగుతుంది. దాన్ని దాచి ఆయన్ని దేవుణ్ణి చెయ్యనక్కర్లేదు.

1818 నుంచి ఆయనతో మాట్లాడాలంటే రాసి చూపించాలి. దానికి చిన్న నోటు పుస్తకాలు పెట్టారు. వచ్చినవాళ్ళు పెన్సిలుతో అడుగుతారు, ఆయన నోటితో బదులు చెబుతాడు. అందుకే ఆ పుస్తకాల్లో ఒక గొంతే వినిపిస్తుంది. ఇవతలివాళ్ళ ప్రశ్న ఉంటుంది, అవతల బీథోవెన్ ఏమన్నాడో ఉండదు. టెలిఫోనులో ఎవరో మాట్లాడుతుంటే పక్కన కూర్చుని విన్నట్టు ఉంటుంది. ఆయన స్వయంగా రాసుకున్నవి బజారు లెక్కలు, పత్రికలో చూసిన పుస్తకాల ప్రకటనలు, వినికిడి గొట్టాల చిరునామాలు. 1820లో వాటి మధ్యే ఒక చోట తత్వవేత్త కాంట్ మాటని గుర్తుంచుకున్నాడు: పైన నక్షత్రాల ఆకాశం, లోపల ధర్మం. ఆ పుస్తకాలు 140 దాకా మిగిలాయి. కానీ ఒక జాగ్రత్త అవసరం. ఆయన దగ్గర కార్యదర్శిలా మెలిగిన ఆంటన్ షిండ్లర్, బీథోవెన్ పోయాక ఆ పుస్తకాల్లో తన మాటలు కొన్ని దొంగగా చేర్చాడని ఇరవయ్యో శతాబ్దంలో బయటపడింది. అందుకే షిండ్లర్ నోట మాత్రమే విన్న సంగతి ఏదైనా సరే, ఆయన పేరు చెప్పి మరీ చెప్పుకోవాలి.

బయట ఊరు కూడా మారిపోయింది. నెపోలియన్ పతనం తర్వాత వియన్నా ఆస్ట్రియా మంత్రి మెట్టర్నిక్ చేతిలో ఉంది. 1819లో కార్ల్స్‌బాడ్ శాసనాలు వచ్చాయి. విశ్వవిద్యాలయాల మీద నిఘా, అచ్చయ్యే ప్రతి మాట మీదా కత్తెర. కాఫీ హోటళ్ళలో ఎవరేమన్నా పోలీసుల చెవిన పడేది. బీథోవెన్ స్నేహితులు ఆ నోటు పుస్తకాల్లో, మెల్లగా మాట్లాడమని హెచ్చరించేవారు. చెవిటివాడి గొంతు పెద్దది మరి. 1780ల్లో కుర్రవాళ్ళు కేకలేస్తూ పాడుకున్న పద్యం 1823లో ఒక పాతకాలపు ఆశ. అలాంటి రోజుల్లో ఆయన మళ్ళీ దాన్ని బయటికి తీశాడంటే అది యాదృచ్ఛికమని నేననుకోను. షిల్లర్ అసలు రాసింది 'ఆనందం' కాదు 'స్వేచ్ఛ' అనీ, భయపడి మార్చాడనీ ఒక ప్రచారం ఉంది. దానికి ఆధారం లేదు. ఆ కాలంలో ఆనందమన్న మాటలోనే స్వేచ్ఛ ఉంది.

చివరికి పని మొదలుపెట్టించింది లండన్. అక్కడ 1813లో సంగీతజ్ఞులే కలిసి ఫిల్‌హార్మోనిక్ సొసైటీ పెట్టుకున్నారు. 1817లో, బీథోవెన్ పాత శిష్యుడు ఫెర్డినాండ్ రీస్ చేత కబురు పంపారు. రెండు కొత్త సింఫనీలు తీసుకుని లండన్ వస్తే 300 గినీలు ఇస్తామన్నారు. ఈయన దారి ఖర్చులకి ఇంకో వంద అడిగాడు. వాళ్ళు కుదరదన్నారు. ప్రయాణం సాగలేదు. ఆ తర్వాత 1819 నుంచి నాలుగేళ్ళు 'మిస్సా సొలెమ్నిస్' అనే పెద్ద మతసంగీత రచన ఆయన్ని మింగేసింది. శిష్యుడైన రాజకుమారుడు రుడాల్ఫ్ 1820లో ఆర్చిబిషప్ అయ్యే వేడుక కోసం మొదలుపెట్టి, వేడుక అయిపోయాక మూడేళ్ళకి ముగించాడు. 1822 నవంబరులో సొసైటీ మళ్ళీ అడిగింది. ఈసారి ఒక్క సింఫనీకి 50 పౌండ్లు. ఒప్పుకున్నాడు. 1823 వేసవిలో హెట్సెన్‌డోర్ఫ్‌లో, బాడెన్‌లో, చలికాలంలో వియన్నా ఉంగర్‌గాస్సె వీధిలో రాశాడు. 1824 ఫిబ్రవరికి పూర్తయింది.

ఇక ఆ వరస సంగతి. మన సంగీతం నేర్చినవాళ్ళకి చెప్పడం సులువు. పడమటివాళ్ళు డి మేజర్ అనేది మన శంకరాభరణం స్వరాలే. వరస గాంధారం మీద ఎత్తుకుని, మెట్టు తర్వాత మెట్టుగా పంచమం దాకా ఎక్కి, అలాగే షడ్జమం దాకా దిగుతుంది. దూకుళ్ళు దాదాపు లేవు. ఐదు స్వరాలతోనే నడిచే వరస, ఒక్క చోట మాత్రం కిందికి జారి మంద్ర పంచమాన్ని తాకుతుంది. అక్కడినించి పైకి లేచి మొదటి పాదాన్ని మళ్ళీ అందుకునేటప్పుడు, దెబ్బ పడే దాకా ఆగదు, ఒక దెబ్బ ముందే అందుకుంటుంది. సంతోషం పట్టలేనివాడు తొందరపడ్డట్టు. వరస మొత్తంలో చమత్కారమంటూ ఉంటే అదొక్కటే. సరళీ వరసలు నేర్చే పిల్ల కూడా పూటలో పట్టేస్తుంది. ఇంత తేలికది తేలిగ్గా రాలేదు. చిత్తు పుస్తకాల్లో పాదం పాదానికీ కొట్టివేతలు, దిద్దుబాట్లు ఉన్నాయి. సంగీతం రాని మనిషి కూడా పాడగలిగేదాకా ఆయన దాన్ని అరగదీశాడు. ఆ రోజుల్లోనే తిరువయ్యారులో మన త్యాగరాజు, పండితుడు తల ఊపే రాగాన్ని పల్లెటూరి భజనలో పాడుకునే తెలుగులోకి దించుతున్నాడు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు.

వరస దొరికాక అసలు చిక్కు మొదలైంది. మూడు భాగాలు, ముప్పావు గంట పాటు, వాద్యాలు మాత్రమే మాట్లాడిన చోట మనిషి ఎలా నోరు తెరుస్తాడు? ఏ సాకుతో? బీథోవెన్‌కి ఇది నిజంగా తెగలేదు. మాటలు లేకుండా వాద్యాలతోనే ముగిద్దామని వేరే ముగింపు చిత్తు కూడా చేసుకున్నాడు. అది తర్వాత ఒక తీగవాద్యాల క్వార్టెట్‌లోకి వెళ్ళింది. ఒకరోజు గదిలోకి అడుగు పెట్టేసరికి దొరికింది దొరికిందని ఆయన కేక వేశాడని షిండ్లర్ రాశాడు.

ఆయనకి దొరికిన ఉపాయం ఇది. నాలుగో భాగం చెవులు పగిలే అపశ్రుతితో మొదలవుతుంది. చెల్లోలు, డబుల్ బాస్‌లు మనిషి మాట్లాడినట్టే దాన్ని అడ్డుకుంటాయి. ఆర్కెస్ట్రా మొదటి భాగాన్ని గుర్తుచేస్తుంది, అవి వద్దంటాయి. రెండోది, వద్దంటాయి. మూడోది, కొంచెం మెత్తబడి వద్దంటాయి. అప్పుడు కొత్త వరస తుంపు వినిపిస్తుంది. అవి ఊ అంటాయి. ఆ అడుగు వాద్యాలే, పక్కన ఏ తోడూ లేకుండా, రహస్యం చెప్పినట్టు మెల్లగా వరస మొత్తం వినిపిస్తాయి. క్రమంగా అందరూ చేరతారు. మళ్ళీ ఆ అపశ్రుతి విరుచుకు పడుతుంది. ఈసారి ఒక మనిషి లేచి నిలబడి, ఈ స్వరాలు చాలు, సంతోషంగా ఉండేవి పాడుకుందామని స్నేహితుల్ని పిలుస్తాడు. ఆ పిలుపు షిల్లర్ రాసింది కాదు, బీథోవెన్ సొంత మాట. ఆ తర్వాతే షిల్లర్. అదీ సగం పద్యమే. తాగుడు చరణాలు తీసేశాడు. సోదరభావాన్నీ, నక్షత్రాల పైన ఉండే తండ్రినీ ఉంచుకున్నాడు. నడుమ పెద్ద డోలు, తాళాలు, త్రికోణంతో తుర్కీ సైనికుల బ్యాండు లాంటిది వస్తుంది. మహాగీతం మధ్యలోకి వీధి నడిచి వచ్చినట్టుంటుంది. మొదట్లో చాలామందికి అది నచ్చలేదు. నాకు మాత్రం పద్యంలోని మాట అక్కడే నిజమైందనిపిస్తుంది. అందరూ సోదరులైతే వీధి బ్యాండు వాళ్ళూ ఉండాలి కదా.

వియన్నా అప్పటికి ఇటలీ స్వరకర్త రోసినీ మత్తులో ఉంది. విసిగిన బీథోవెన్ కొత్త సింఫనీని బెర్లిన్‌లో వినిపిస్తాడన్న వార్త పొక్కింది. 1824 ఫిబ్రవరిలో ముప్ఫై మంది అభిమానులు సంతకాలు పెట్టి, ఇక్కడే వినిపించమని బతిమాలుతూ విన్నపం తెచ్చారు. చెర్నీ, డియాబెల్లి, కౌంట్ లిక్నోవ్‌స్కీ వాళ్ళలో ఉన్నారు. ఆయన మెత్తబడ్డాడు. అయితే ఏ థియేటర్, ఎవరు నడపాలి, టికెట్టు ఎంత అన్న తర్జనభర్జనతో నెలలు గడిచాయి. కేర్న్‌ట్నెర్‌టోర్ థియేటర్ ఖాయమైంది. టికెట్టు ధర పెంచడానికి అనుమతి రాలేదు. మిస్సాలోని భాగాలు కూడా వినిపిస్తామంటే, ప్రార్థన మాటలు నాటకశాలలో పాడకూడదన్నారు. చివరికి వాటిని 'మూడు కీర్తనలు' అని కాగితం మీద పేరు మార్చి నెగ్గించుకున్నారు.

పూర్తి రిహార్సళ్ళు జరిగింది రెండే. పాడాల్సిన పిల్లలు హెన్రియెట్ సాంటాగ్‌కి పద్దెనిమిది, కరోలిన్ ఉంగర్‌కి ఇరవై. తారస్థాయి స్వరాలు గొంతు చించేస్తున్నాయి, కొంచెం దించమని ఇద్దరూ వేడుకున్నారు. ఆయన ఒక్క స్వరం కదపలేదు. గొంతుల పాలిటి నిరంకుశుడివని ఉంగర్ ముఖానే అంది. బాస్ గాయకుడు చివరి రోజుల్లో తప్పుకుంటే సైపెల్ట్ వచ్చాడు. అందని స్వరాలు కోరస్‌లోని ఆడవాళ్ళు పాడకుండా వదిలేశారని షిండ్లర్ చెప్పాడు.

1824 మే 7, శుక్రవారం. హాలు నిండింది, చక్రవర్తి కుటుంబం కూర్చునే చోటు తప్ప. ఆర్కెస్ట్రాని నడిపింది మైకేల్ ఉమ్లౌఫ్, మొదటి వయొలిన్ షుపాంజిగ్. బీథోవెన్ ఉమ్లౌఫ్ పక్కన నిలబడి గతి చూపించాడు. ఆయన చేతి వైపు చూడొద్దని ఉమ్లౌఫ్ ముందే వాద్యకారులకి రహస్యంగా చెప్పి ఉంచాడు. పెద్ద స్వరాలకి బీథోవెన్ నిలువెత్తు సాగేవాడనీ, చిన్న స్వరాలకి నేలకి వంగిపోయేవాడనీ, వాద్యాలన్నీ తానే వాయిస్తున్నట్టు ఊగిపోయాడనీ ఆ రాత్రి వయొలిన్ వాయించిన జోసెఫ్ బోమ్ చెప్పాడు. జనం వైపు ఆయన్ని తానే తిప్పిన సంగతి ముసలితనంలో ఉంగరే లండన్‌లో సంగీతం మీద రాసే జార్జ్ గ్రోవ్‌కి చెప్పింది. అది రెండో భాగం తర్వాత జరిగిందన్నవాళ్ళూ ఉన్నారు. ఆయనకి తెలియాలని జనం రుమాళ్ళూ టోపీలూ గాల్లోకి ఊపారు.

ఆ రాత్రి వసూలు 2,200 ఫ్లోరిన్‌లు. థియేటర్‌కీ, స్వరాలు నకలు రాసినవాళ్ళకీ చెల్లించాక మిగిలింది 420. లెక్క చూసి బీథోవెన్ కుప్పకూలాడు. తర్వాత భోజనానికి పిలిచి, నన్ను మోసం చేశారని షిండ్లర్ మీద విరుచుకుపడ్డాడు. మే 23న, ఆదివారం మధ్యాహ్నం, రెండో కచేరీ పెట్టారు. జనం రావాలని రోసినీ పాట కూడా చేర్చారు. ఎండ బాగుందని వియన్నా తోటల వైపు వెళ్ళింది. సగం హాలు కూడా నిండలేదు. 800 ఫ్లోరిన్‌ల నష్టం. సింఫనీని ప్రష్యా రాజుకి అంకితమిచ్చాడు. రాజు పంపిన ఉంగరంలో వజ్రం బదులు ఎర్రటి రాయి ఉంది. దాన్ని అమ్మేశాడు.

డబ్బిచ్చిన లండన్ 1825 మార్చి 21న విన్నది, అదీ చివరి భాగం ఇటాలియన్‌లో. నడిపిన జార్జ్ స్మార్ట్‌కి గతులు సరిగా అర్థం కాలేదు. ఆ సెప్టెంబరులో పనిగట్టుకుని వియన్నా వచ్చి బీథోవెన్‌నే అడిగి తెలుసుకున్నాడు.

1827 ఫిబ్రవరిలో జబ్బుతో మంచాన ఉన్న బీథోవెన్ లండన్‌కి ఉత్తరం రాయించాడు, నా కోసం ఒక కచేరీ పెట్టండని. సొసైటీ కచేరీ దాకా ఆగకుండా వెంటనే 100 పౌండ్లు పంపింది. మార్చి 18న ఆయన కృతజ్ఞతలు చెప్పి రాయించాడు. బదులుగా మీకో కొత్త సింఫనీ ఇస్తాను, దాని చిత్తు అప్పుడే నా బల్లలో ఉంది అన్నాడు. ఎనిమిది రోజుల తర్వాత, మార్చి 26న, పోయాడు.